వార్డులోనే చిన్న పరిశోధన: ఒడిశా సరిహద్దు ఆసుపత్రుల నర్సులకు అంచెలంచెల మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, బరంపురం ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు నర్సులూ, అక్కడి నర్సింగ్ కళాశాలల విద్యార్థులూ పరిశోధన గురించి మొదట అడిగే మాట "ఏదైనా టాపిక్ చెప్పండి" అని. రెండో మాట "శాంపిల్ ఎంత తీయాలి" అని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ప్రశ్న పుట్టకముందే శీర్షిక, శాంపిల్, గణాంక పరీక్ష అన్నీ సిద్ధమైపోతాయి. అలా కాకుండా రోజూ చేసే పనిలోంచే ఒక ప్రశ్న తీసి, రోగికి పనికొచ్చే జవాబు దాకా ఎలా తీసుకెళ్లాలో ఇక్కడ వరుసగా చూద్దాం.

మొదటి నుంచి చివరి దాకా ఉదాహరణ ఒకటే: ప్రసవమై ఇంటికి వెళ్లే తల్లికి పసిబిడ్డలో కనిపించే ప్రమాద లక్షణాలు చెప్పి పంపడం. కొండ మీది ఊరికి చేరాక మళ్లీ ఆసుపత్రికి రావడం గంటల పని. వాగు పొంగితే అదీ కుదరదు. బిడ్డకు ఏదో తేడాగా ఉందని ముందుగా గుర్తుపట్టాల్సింది తల్లే. మీ ప్రశ్న సెలైన్ సూది చోట వాపు గురించైనా, పడక పుండ్ల గురించైనా, చేతుల శుభ్రత గురించైనా పని వరుస మారదు.

1. ప్రశ్నను పట్టుకోండి

నర్సింగ్ థీసిస్‌లలో చాలావరకు "ఫలానా విషయంపై ఫలానావారి జ్ఞానం మీద బోధనా కార్యక్రమం ప్రభావం" అనే అచ్చులోనే ఉంటాయి. ముందు పరీక్ష, అరగంట పాఠం, వారం తర్వాత అదే పరీక్ష. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి, జవాబులు చెప్పింది మనమే కదా! ఆ పెరిగిన మార్కుల వల్ల మంచం మీది రోగికి ఏం మారిందో మాత్రం ఎవరూ చూడరు.

అందుకే నా మొదటి షరతు: ఎవరికి ఏం తెలుసో కాదు, ఎవరు ఏం చేస్తున్నారో, రోగికి ఏం అందుతోందో కొలవండి.

ప్రశ్న కోసం లైబ్రరీకి వెళ్లనక్కర్లేదు. డ్యూటీ మారే వేళ ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, ఆ రోజు రెండోసారి చేయాల్సి వచ్చిన పని, మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చిన మాట, పంపించాక తిరిగొచ్చిన రోగి గురించి ఒక్కో వాక్యం రాయండి. రెండు వారాల్లో ఏదో ఒకటి మళ్లీ మళ్లీ కనబడుతుంది. మీ ప్రశ్న అదే.

దాన్ని మూడు ముక్కలుగా రాయండి: ఎవరి గురించి, మనం ఏం మారుస్తాం, ఏం కొలుస్తాం. మన ఉదాహరణ ఇలా తయారవుతుంది:

"మా ప్రసవ వార్డు నుంచి ఇంటికి వెళ్లే తల్లుల్లో, పసిబిడ్డ ప్రమాద లక్షణాలు కనీసం మూడు తమ మాటల్లో చెప్పగలిగేవారు ఎంతమంది? డిశ్చార్జి సమయంలో చెప్పినదాన్ని తల్లితో తిరిగి చెప్పించడం మొదలుపెడితే ఆ సంఖ్య పెరుగుతుందా?" ఇక్కడ కొలిచేది నర్సుల జ్ఞానం కాదు, తల్లికి నిజంగా ఏం అందిందో.

ప్రశ్నను ఖాయం చేసే ముందు ఇవి చూసుకోండి:

☐ ఈ పని మార్చే అధికారం నాకు లేదా మా ఇన్‌ఛార్జి సిస్టరుకు ఉందా? (కొత్త డాక్టరు పోస్టు కావాలనేది మన ప్రశ్న కాదు.)
☐ ఇలాంటి రోగులు మా వార్డుకు సరిపడా వస్తారా? (ఎంతమంది కావాలో 6వ భాగంలో ఉంది.)
☐ కొలవడానికి కొత్త యంత్రం, కొత్త ఖర్చు అక్కర్లేదా?
☐ ఆరు నెలల్లో పూర్తవుతుందా?
☐ జవాబు 'లేదు' అని వచ్చినా వార్డుకు ఏదైనా తెలుస్తుందా?

చివరి దానికి టిక్కు పడకపోతే ప్రశ్న మార్చండి.

2. ఇప్పటికే తెలిసింది చదవండి

దీనికి నెలలు పెట్టకండి. ఈ విషయంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఒకసారి పూర్తిగా చదివి, ఆపై మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న పది పన్నెండు పరిశోధన పత్రాలు చూస్తే చాలు. పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పత్రాల వెబ్‌సైటు)లో సారాంశాలు ఉచితం, చాలా పత్రాలు పూర్తిగా కూడా ఉచితంగా దొరుకుతాయి.

చదివేటప్పుడు ఒక్కటి వెతకండి: వాళ్లు దేన్ని, ఎలా కొలిచారు? ఆ కొలత మీ వార్డులో కుదిరితే అదే వాడండి. సొంత కొలత తయారుచేయడం చాలా కష్టం, మొదటి పరిశోధనకు అనవసరం కూడా. పడక పుండ్ల ముప్పుకు ఆరు అంశాలతో, 6 నుంచి 23 మార్కుల దాకా ఉండే బ్రేడెన్ స్కేల్ ఉంది. చేతుల శుభ్రతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు ఉన్నాయి. మన ఉదాహరణకు, నవజాత శిశువుల సంరక్షణ శిక్షణల్లో నేర్పే ప్రమాద లక్షణాల జాబితా సరిపోతుంది.

3. అనుమతులు: వరుస తప్పకూడదు

సమాచారం సేకరించేసి తర్వాత ఎథిక్స్ కమిటీ (పరిశోధన నైతికతను పరిశీలించి అనుమతి ఇచ్చే కమిటీ) దగ్గరకు వెళ్లడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. వెనకటి తేదీతో ఏ కమిటీ అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు.

వరుస ఇది:

అ) వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు, విభాగ వైద్యులు. నోటిమాటగా కాదు, ఒక పేజీ రాసి చూపించండి. వాళ్లకు ఇష్టం లేని పని వాళ్ల వార్డులో సాగదు.

ఆ) ఆసుపత్రి సూపరింటెండెంటు, లేదా సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) అయితే వైద్యాధికారి. ఆశా కార్యకర్తలను, ఉపకేంద్రాలను కలుపుకుంటే జిల్లా ముఖ్య వైద్య, ప్రజారోగ్య అధికారి కార్యాలయానికి కూడా దరఖాస్తు వెళ్లాలి. ఇక్కడ ఉత్తరప్రత్యుత్తరాలు ఒడియాలో గాని ఇంగ్లిషులో గాని జరుగుతాయి. ఒడియా బాగా రాసే సహోద్యోగికి ఒకసారి చూపించుకోండి.

ఇ) ఎథిక్స్ కమిటీ. మీ ఆసుపత్రిలో లేకపోతే మీరు చదివే కళాశాల కమిటీ, లేదా ఒప్పందం మీద దగ్గరి వైద్య కళాశాల కమిటీ. కమిటీ రిజిస్టరై ఉందో లేదో అడిగి తెలుసుకోండి. దరఖాస్తు రాసేటప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు పక్కన పెట్టుకోండి.

"ఇది పరిశోధన కాదు, వార్డు పనిని మెరుగుపరచడమే కదా, అనుమతి ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. కొన్నిటికి నిజంగానే మినహాయింపు దొరుకుతుంది. అయితే ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీ, మీరు కాదు. ఎప్పటికైనా పత్రికలో ప్రచురించాలన్న ఆలోచన ఉంటే ముందే అడిగి కాగితం తెచ్చుకోండి.

రోగులకు అందే సేవను మార్చి ఫలితం పోల్చే అధ్యయనమైతే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ)లో నమోదు చేయాలా అని కమిటీనే అడగండి. నమోదు ఉచితం. మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే జరగాలి.

సవర, డొంగ్రియా కొంధు వంటి ఆదివాసీ గ్రామాలకు వెళ్లే పని ఉంటే గ్రామపెద్దలతో ముందు మాట్లాడాలి. కానీ పెద్దలు ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి మనిషీ ఒప్పుకున్నట్టు కాదు. ఎవరి సమ్మతి వాళ్లదే.

4. సమ్మతి ఎప్పుడు, ఎలా తీసుకోవాలి

నొప్పులతో ఉన్న తల్లి ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తుంది. అది సమ్మతి కాదు. ప్రసవమై, బిడ్డకు పాలు పట్టి, తల్లి కాస్త కుదుటపడ్డాక అడగండి.

☐ ఎందుకు అడుగుతున్నారో తల్లి మాట్లాడే భాషలో చెప్పారా?
☐ ఒప్పుకోకపోయినా వైద్యంలో తేడా ఉండదని చెప్పారా?
☐ చదవడం రాకపోతే, చదువు వచ్చిన తటస్థ సాక్షి ఉన్నారా? (మీ బృందంలోని వారు సాక్షి కాకూడదు.)
☐ సమ్మతి పత్రం ప్రతి ఒకటి ఆమెకు ఇచ్చారా?
☐ మధ్యలో మానుకోవచ్చని చెప్పారా?

భర్తో అత్తగారో ముందుకొచ్చి "మేం చెబుతున్నాం కదా, రాసుకోండి" అనడం మామూలే. వాళ్లతో మర్యాదగా మాట్లాడండి, గౌరవం తగ్గనివ్వకండి, సమాధానం మాత్రం తల్లి నోటి నుంచే రావాలి. తల్లి వయసు 18 లోపు అయితే ఏం చేయాలో దరఖాస్తులోనే రాసి కమిటీ నిర్ణయం తీసుకోండి. పిల్లలతో చేసే అధ్యయనాల్లో తల్లిదండ్రుల సమ్మతితో పాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల అంగీకారం నోటితో, 12 నుంచి 18 ఏళ్ల వారిది రాతపూర్వకంగా తీసుకోవాలి.

5. భాషలు: అసలు పని ఇక్కడే ఉంది

ఈ జిల్లాల్లో పరిశోధన చెడిపోయేది లెక్కల్లో కాదు, మాటల్లో. నర్సు తెలుగులో ఆలోచిస్తుంది, రిజిస్టరు ఒడియాలో ఉంటుంది, థీసిస్ ఇంగ్లిషులో రాయాలి, తల్లి మాత్రం సవరలోనో, కువిలోనో, దేశియాలోనో మాట్లాడుతుంది. ప్రశ్నావళి ఇంగ్లిషులో రాసుకుని మంచం దగ్గర అప్పటికప్పుడు నోటితో అనువదిస్తే, ప్రతి తల్లినీ వేరే ప్రశ్న అడిగినట్టే.

చేయాల్సిన వరుస:

అ) మీ వార్డుకు వచ్చే తల్లులు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందు రెండు వారాలు రాసుకోండి. పర్లాకిమిడి పట్టణంలో తెలుగు, ఒడియాతో సరిపోవచ్చు. గుమ్మ, గుణుపురం వైపు సవర లేకుండా కుదరదు. రాయగడలో కువి, కోరాపుట్‌లో దేశియా అవసరం. అన్నీ ఒకేసారి పెట్టుకోకండి, ఎక్కువమంది మాట్లాడే రెండు మూడింటితో మొదలుపెట్టండి.

ఆ) ప్రశ్నలను ఆ భాషలోకి ఒకరు మార్చాలి. అసలు ప్రశ్న చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ తెలుగులోకి తేవాలి. రెండూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన చోట సరిచేయాలి.

ఇ) సవరకు సొంత లిపి ఉన్నా చాలామంది తల్లులు దాన్ని చదవరు. కాబట్టి సవర వాక్యాన్ని మీరు చదవగలిగే తెలుగు లేదా ఒడియా లిపిలో రాసుకోండి. ఆ భాష పుట్టుకతో మాట్లాడే స్త్రీ గొంతుతో ఫోనులో రికార్డు చేసి, అడిగేవారంతా విని అలాగే పలకడం అలవాటు చేసుకోండి.

ఈ) అసలు అధ్యయనంలో లేని ఐదారుగురు తల్లుల దగ్గర అడిగి చూడండి. ప్రశ్న అడిగాక "నేను ఇప్పుడు ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండమ్మా" అనండి. లోపం ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది.

దుబాసీగా ఎవరు ఉండాలన్నది కూడా ముందే తేల్చుకోండి. అత్తగారు వద్దు, కోడలి జవాబుకు బదులు తన జవాబు చెబుతుంది. ఆ ఊరి ఆశా కార్యకర్త కూడా వద్దు. తల్లికి ఏమీ చెప్పలేదన్న మాట ఆమెకే తగులుతుంది కాబట్టి తెలియకుండానే సాయం చేస్తుంది. అదే భాష మాట్లాడే వేరే వార్డు ఆయా, అటెండరు, విద్యార్థిని మేలు. వాళ్లకు అరపూట శిక్షణ ఇవ్వండి: విన్నది విన్నట్టే చెప్పాలి, కలపకూడదు, తీసేయకూడదు.

ప్రశ్న అడిగే తీరు గురించి ఒక మాట. "అర్థమైందా అమ్మా?" అంటే అందరూ తలూపుతారు. తెల్లకోటు ముందు కాదనే ధైర్యం ఎవరికుంటుంది? దాన్ని పూర్తిగా తీసేయండి. "ఇంటికెళ్లాక పాపలో ఏం కనిపిస్తే వెంటనే తీసుకొస్తారు?" అని అడిగి ఆగండి. మౌనం బరువనిపించినా నోరు మెదపకండి. ఆమె ఆగినప్పుడు "ఇంకా?" అని ఒక్కసారి మాత్రమే అనండి. మీరు ఒక్క లక్షణం పేరు నోట తెచ్చినా ఆ జవాబు చెల్లదు.

6. ఎంతమందిని తీసుకోవాలి

రెండు రకాల లెక్కలున్నాయి, కలిపేయకండి.

ఒక శాతం ఎంతో అంచనా వేయడమే పని అయితే: సగం మందికి తెలిసి ఉండొచ్చని అనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడాను సహిస్తే 96 మంది కావాలి. 5 శాతం తేడా మాత్రమే సహిస్తామంటే 384 మంది. చిన్న ఆసుపత్రికి 384 మంది దొరకరు, మొదటి అధ్యయనానికి అవసరమూ లేదు.

మార్పుకు ముందు, తర్వాత పోల్చడమే పని అయితే: ఇప్పుడు 30 శాతం తల్లులు చెప్పగలుగుతున్నారు, 60 శాతానికి పెరగాలని మన ఆశ అనుకుందాం. మామూలుగా వాడే 5 శాతం పొరపాటు హద్దు (లేని తేడాను ఉందనుకునే అవకాశం), 80 శాతం శక్తి (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం)తో లెక్కవేస్తే ఒక్కో దశకు సుమారు 42 మంది కావాలి. మధ్యలో వదిలిపోయేవారి కోసం పదో వంతు కలిపితే 47. చిన్న మార్పును పట్టుకోవాలంటే ఈ సంఖ్య గబగబా పెరుగుతుంది, అప్పుడు గణాంకాలు తెలిసినవారిని కలవండి.

ఎవరిని తీసుకోవాలన్నది అంతకన్నా ముఖ్యం. పగలు డ్యూటీలో దొరికినవారిని, తెలుగు వచ్చినవారిని, నవ్వుతూ మాట్లాడేవారిని ఏరుకుంటే ఫలితం ముందే వంకర తిరుగుతుంది. డిశ్చార్జి రిజిస్టరు వరుసలో ఒకరి తర్వాత ఒకరిని అడగండి. ఒప్పుకోనివారు, వదిలేసినవారు ఎంతమందో కారణంతో రాయండి.

కాలం కూడా చూసుకోండి. వారపు సంత రోజున జీపు దొరుకుతుందని తల్లులు తొందరగా వెళ్లిపోతారు. నాట్ల రోజుల్లో, జీడిపప్పు కోతల్లో డిశ్చార్జి అడిగి తీసుకుని పోయేవారు ఉంటారు. ముందు దశ వేసవిలో, తర్వాతి దశ వానల్లో పడితే రెండింటి తేడా మీ బోధన వల్లే వచ్చిందని చెప్పలేరు.

7. ఒక పేజీ కొలత పత్రం

రెండు పేజీలైతే రెండో పేజీ ఖాళీగా ఉంటుంది. ఒకటే పేజీ.

పై భాగంలో: కోడ్ నంబరు (పేరు వద్దు), తేదీ, ఇంటి భాష, ఇది ఎన్నో కాన్పు, బిడ్డ బరువు గ్రాముల్లో, ఎవరు మాట్లాడించారు, దుబాసీ ఉన్నారా.

మధ్యలో ఎనిమిది గడులు. తల్లి తనంతట తాను చెప్పిన వాటికే టిక్కు:

☐ పాలు సరిగా తాగకపోవడం, మానేయడం
☐ మూర్ఛ, ఫిట్స్
☐ ఆయాసం, వేగంగా శ్వాస (నర్సు లెక్కిస్తే నిమిషానికి 60, అంతకు మించి)
☐ డొక్కలు ఎగరేయడం
☐ ఒళ్లు కాలిపోవడం
☐ ఒళ్లు చల్లబడటం
☐ కదలిక తగ్గి, తడితేనే కదలడం
☐ అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం

కింద ఒక గీత: తల్లి వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు. ఈ గీతను ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, కానీ చివరికి ఎక్కువ నేర్పేది ఇదే.

మొదలుపెట్టే ముందు ఇద్దరు సిస్టర్లు ఒకే తల్లి జవాబు విని, ఒకరిదొకరు చూడకుండా టిక్కులు పెట్టాలి. అలా పదిమంది దగ్గర చేయండి. మొత్తం 80 గడుల్లో ఎన్ని కలిశాయో చూడండి. 64 కన్నా తక్కువ కలిస్తే పత్రం కాదు, అర్థాలే తేడాగా ఉన్నాయి. "బిడ్డ ఏడుస్తూనే ఉంటే" అన్నదాన్ని ఏ గడిలో వేస్తారు? ఎందులోనూ వేయకూడదు. ఇలాంటివి చర్చించి పత్రం వెనక రాసిపెట్టండి.

పేరుకూ కోడుకూ సంబంధం చూపే జాబితా వేరే పుస్తకంలో, తాళం ఉన్న అల్మారాలో ఉండాలి. కేస్ షీటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవడం ఎంత అలవాటైపోయినా, పరిశోధనలో అది కుదరదు.

8. మార్చకముందు కొలవండి

ఇక్కడే చాలామందికి ఓపిక ఉండదు. బాగు చేయాలన్న తపనలో ముందే పోస్టర్లు అంటించేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు ఏమీ మార్చకుండా, ఇప్పుడు జరుగుతున్నది జరుగుతున్నట్టే కొలవండి.

ఒక మినహాయింపు ఉంది. మాట్లాడాక తల్లికి ఏమీ తెలియదని తేలితే జవాబు రాసుకున్న వెంటనే అన్నీ చెప్పి పంపాలి. అధ్యయనం కోసం ఎవరినీ చీకట్లో ఉంచకూడదు.

మనల్ని ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే సిబ్బంది మొదటి వారం పని బాగా చేస్తారు. అది సహజం. మొదటి వారం లెక్కలను విడిగా ఉంచి, మిగతా వారాలతో పోల్చి చూడండి.

9. ఒక్కటే మార్చండి

పోస్టరు, వీడియో, కరపత్రం, తిరిగి చెప్పించడం అన్నీ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో తెలియదు. మన ఉదాహరణలో మార్పు ఒక్కటే, తిరిగి చెప్పించడం. మంచం దగ్గర అది ఇలా సాగాలి:

ముందు కూర్చోండి. నిలబడి చెబితే తొందరలో ఉన్నారని తల్లి అనుకుంటుంది. ఒక విడతకు రెండే లక్షణాలు చెప్పండి, బిడ్డ ఒంటి మీదే చూపిస్తూ: "ఇదిగో, ఇక్కడ డొక్క ఇలా లోపలికి పోతుంటే." తర్వాత, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటి దగ్గర మీ ఆయనకు ఎలా చెబుతారో నాకు చెప్పండమ్మా" అనండి. పరీక్ష నర్సుకే తప్ప తల్లికి కాదన్నట్టు ఉండాలి. తప్పితే "కాదు" అనకుండా వేరే మాటల్లో మళ్లీ చెప్పి, మళ్లీ చెప్పించండి. సరిగ్గా వచ్చాకే తర్వాతి రెండు.

డిశ్చార్జి రోజు ఉదయం హడావిడిలో ఇదంతా కుదరదు. ముందు రోజు సాయంత్రం మొదలుపెట్టి, డిశ్చార్జి రోజు ఒకసారి గుర్తుచేస్తే చాలు. రాత్రి డ్యూటీ సిస్టరుకు కూడా ఇందులో పాత్ర ఇవ్వండి.

నిజంగా జరిగిందో లేదో కేస్ షీటులో ఒక టిక్కు పెట్టించండి: ఎవరు, ఏ తేదీన, ఏ భాషలో. ఈ టిక్కులు సగమే ఉంటే "ఫలితం రాలేదు" అని రాయకండి, పని జరగలేదని రాయండి. రెండూ ఒకటి కావు.

ప్రతి వారం శాతాన్ని ఒక గ్రాఫ్ కాగితం మీద చుక్కగా పెట్టి గోడకు అంటించండి. ముందు దశ చుక్కల మధ్యమం (చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే నడిమి విలువ) దగ్గర అడ్డగీత గీయండి. మార్పు తర్వాత వరుసగా ఆరు చుక్కలు ఆ గీతకు పైనే పడితే అది కాకతాళీయం కాకపోవచ్చు. ఒక్క వారం పెరిగిందని మిఠాయిలు పంచకండి.

10. ఇంటి దగ్గర ఏం జరిగిందో తెలుసుకోండి

వార్డులో చెప్పగలిగిన తల్లి ఇంట్లో గుర్తుపెట్టుకుందా? దీనికి కొత్తగా తిరగనక్కర్లేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తారు. వైద్యాధికారి అనుమతితో 14వ రోజు సందర్శనలో ఒకే ఒక ప్రశ్న కలపండి. అడిగేది మాత్రం ఆ ఊరి ఆశా కాకుండా ఏఎన్‌ఎమ్ (ఉపకేంద్రం ఆరోగ్య కార్యకర్త) గానీ సీహెచ్‌ఓ (సామాజిక ఆరోగ్య అధికారి) గానీ అయితే మేలు. కొండ ఊళ్లలో ఫోను సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి. గ్రామంలో మమతా దివస్ (గ్రామ ఆరోగ్య, పోషణ దినం) రోజున తల్లులు ఎలాగూ వస్తారు, అక్కడ కలవవచ్చు.

వెళ్లినప్పుడు బిడ్డలో ప్రమాద లక్షణం కనిపిస్తే పత్రం మూసేయండి. 108 లేదా 102కు ఫోను చేసి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా పెట్టి ఆసుపత్రికి పంపడమే పని. ఇది మీ ప్రణాళికలో ముందే రాసి ఉండాలి.

11. లెక్కలు

కంప్యూటర్‌లో ఎక్సెల్ చాలు. ముందు ప్రతి గడీ చూసి తప్పు సంఖ్యలు పట్టుకోండి. బిడ్డ బరువు 280 గ్రాములని కనిపిస్తే సున్నా పోయిందో ఏమో పత్రం తీసి చూడాలి, ఊహించి సరిచేయకూడదు.

శాతం రాసిన ప్రతి చోటా ఎంతమందిలో ఎంతమందో రాయండి. ఊహించిన సంఖ్యలతో చూద్దాం: ముందు దశలో 47 మందిలో 14 (30 శాతం), తర్వాతి దశలో 47 మందిలో 29 (62 శాతం). తేడా 32 శాతం పాయింట్లు. 95 శాతం విశ్వాస అవధి లెక్కవేస్తే నిజమైన తేడా సుమారు 13 నుంచి 51 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. "పి విలువ (కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా వచ్చే అవకాశం) 0.05 కన్నా తక్కువ" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం కన్నా ఈ వాక్యం వైద్యాధికారికి ఎక్కువ చెబుతుంది.

తర్వాత భాష వారీగా విడగొట్టి చూడండి. మొత్తంలో పెరిగి, సవర తల్లుల్లో పెరగకపోతే మీ అసలు ఫలితం అదే. సంఖ్య చిన్నదని దాచకండి, చిన్నదని చెబుతూనే చూపండి.

12. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

జవాబులన్నీ ఒకేలా వస్తున్నాయి: ఎనిమిదికి ఎనిమిదీ, అందరు తల్లులకీ. ఎవరో మంచం దగ్గర కూర్చోకుండా నింపుతున్నారు, లేదా అందిస్తున్నారు. తిట్టి లాభం లేదు. పదిమందిలో ఒక తల్లిని వేరే సిస్టరు మళ్లీ అడిగే ఏర్పాటు చేయండి, అది అందరికీ ముందే చెప్పండి.

మధ్యలో బదిలీలు. సగంలో ఇద్దరు శిక్షణ పొందినవారు వెళ్లిపోతారు. మొదటి రోజునే ఇద్దరు అదనంగా శిక్షణ పొంది ఉండాలి. తేదీ రాసి పెట్టండి, లెక్కల్లో అవసరమవుతుంది.

సిబ్బందికి కోపం. "మా తప్పులు పట్టడానికి వచ్చారా?" అంటారు. పత్రంలో నర్సు పేరు రాయకండి, ఫలితాలను వ్యక్తుల వారీగా ఎప్పుడూ చూపించకండి. ఇన్‌ఛార్జి సిస్టరే వారపు చుక్క పెట్టేలా చూడండి.

అనుకున్నంతమంది దొరకలేదు. గడువు పెంచడానికి కమిటీకి రాయండి. సంఖ్య నింపడానికి పక్క వార్డు వారిని అనుమతి లేకుండా కలపకండి.

శాతం తగ్గింది. కొత్త పద్ధతి వచ్చాక తగ్గడమేమిటని బెంబేలు పడతారు. ముందు దశలో అడిగినవారు ప్రోత్సహిస్తూ అడిగి, తర్వాత దశలో నియమం ప్రకారం అడిగి ఉండొచ్చు. వెనకటి పత్రాలు తీసి, అడిగినవారి వారీగా విడగొట్టి చూడండి.

13. ఫలితం ఎవరికి, ఏ వరుసలో

పత్రికకు పంపే ముందే వార్డుకు చెప్పండి. సమయం ఇచ్చింది వాళ్లు. అధికారికి ఒడియాలో ఒకే పేజీ: ప్రశ్న, ఏం చేశాం, ఎంతమందిలో ఎంతమంది, ఇప్పుడు ఏం కావాలి. "నిధులు కావాలి" అనకండి. "ప్రసవ వార్డులో సాయంత్రం డ్యూటీలో సవర మాట్లాడే ఒక ఆయాను ఉంచాలి" అని రాయండి, దానికి సంతకం పడే అవకాశం ఎక్కువ. సెక్టారు సమావేశంలో ఆశాలకు నోటితో చెప్పండి.

ఆ తర్వాత ప్రచురణ. మెరుగుదల పనులకు స్క్వైర్, పరిశీలన అధ్యయనాలకు స్ట్రోబ్ అనే అంశాల జాబితాలు ఉచితంగా దొరుకుతాయి. రాసేటప్పుడు వాటిని పక్కన పెట్టుకుంటే ఏమీ వదిలిపోదు. రెండు రోజుల్లో అంగీకారం, వెంటనే డబ్బు కట్టమని వచ్చే మెయిళ్లను నమ్మకండి. సమీక్ష లేకుండా డబ్బుకు అచ్చువేసే పత్రికలు ఇప్పుడు కుప్పలుగా ఉన్నాయి. ఆ పత్రికలో మీకు తెలిసినవారు ఎవరైనా ప్రచురించారా, సమీక్షకులు ఏం అడిగారు అని కనుక్కోండి.

రచయితల పేర్లు పని మొదలుపెట్టేటప్పుడే కాగితం మీద పెట్టండి. ప్రశ్న తయారీలో, సేకరణలో, రాతలో నిజంగా పాలుపంచుకున్నవారే రచయితలు. హోదా ఉంది కదా అని పేరు చేర్చకండి. ఆరు నెలల పాటు దుబాసీగా కూర్చున్న ఆయాకు కృతజ్ఞతల్లో పేరు ఉండాలి, అయితే ముందు ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే రాయండి.